ఇంటిల్లిపాది ఆరోగ్యం: బెంగ పడితే జబ్బు అంటుతుందా?

చితకూ చింతకూ నడుమ సున్న ఒక్కటే తేడా అని మన పెద్దలు చెబుతూ వచ్చారు. చిత ప్రాణం పోయినవాణ్ణి కాలుస్తుంది, చింత ప్రాణమున్నవాణ్ణి కాలుస్తుంది అని దాని తాత్పర్యం. మాట చమత్కారంగానే వుంది. కాని ఇటీవల కొందరు దీన్ని మరీ అక్షరాలా పట్టుకొంటున్నారు. "దిగులు పడితే ఒంట్లో రోగాన్ని తట్టుకొనే శక్తి పోతుందట గదా! నేను పొద్దస్తమానం దిగులు పడుతూనే వుంటాను. ఇక నా గతేమిటి?" అని అడిగేవారు ఎక్కువయ్యారు. 2020 లో కరోనా వచ్చినప్పటి నుంచి 'ఇమ్యూనిటీ' అనే మాట వంటింటి దాకా నడిచి వచ్చింది. దాన్ని గురించిన భయం కూడా వెంటనే వచ్చింది.

యీ నెల యీ సంగతి విచారిద్దాం. ముందే ఒక మాట చెప్పి మొదలుపెడతాను. దిగులుకూ ఒంట్లోని రక్షణశక్తికీ సంబంధం వున్న మాట నిజమే. అది కట్టుకథ కాదు. ఐతే హాని చేసేది గడియసేపటి కంగారు కాదు. దించుకొనే చోటు లేక నెలల తరబడి మోసే బరువు. అందుచేత "దిగులు పడకు" అని చెప్పినంత మాత్రాన మందు వేసినట్లు కాదు. ఆ బరువులో కొంత మనం అందుకొంటేనే మందు వేసినట్లు.

ఒంటికి కాపలా

రక్షణశక్తి అనేది ఏదో సీసాలో నిండుగానో వెలితిగానో వుండే ద్రవం వంటిది కాదు. పెద్ద ఊరికి వుండే కాపలా వంటిది. ఒళ్ళంతా కప్పిన చర్మం కోటగోడ. ముక్కులోనూ గొంతులోనూ వుండే జిగట అగడ్త. గోడ దాటి వచ్చిన క్రిమిని కనబడ్డ చోటనే పట్టి మింగే తెల్లకణాలు మొదటి వరుస భటులు. వచ్చినవాడు ఎవడో వీరికి తెలియనక్కరలేదు, పరాయివాడైతే చాలు. రెండవ వరుసవారు నేర్పరులు. ఫలానా క్రిమి అని ఆనవాలు పట్టి, దానికి తగిన ప్రతిరక్షకాలను తయారుచేసి, ఆ ఆనవాలును ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకొంటారు. టీకా వేయించుకోవడమంటే యీ రెండవ వరుసవారికి దొంగ ముఖం ముందుగా చూపించి వుంచడమే. కాలి వేలికి పుండు పడితే గజ్జలో బిళ్ళ కడుతుంది గదా! వీరి ఠాణాల్లో అదొకటి.

యీ కాపలాకూ మెదడుకూ ఎడతెగని వర్తమానాలు నడుస్తూ వుంటాయి. సందు మలుపులో కుక్క మీదికి ఉరికిందనుకోండి. రెప్పపాటులో, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న ఎడ్రినల్ గ్రంథుల నుంచి ఎడ్రినలిన్ అనే రసం రక్తంలో కలుస్తుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమరుస్తాయి, నోరు ఎండిపోతుంది. ఆ నిమిషాల్లోనే తెల్లకణాలు కూడా ఠాణాలు విడిచి రక్తంలోకి వస్తాయి. కుక్క కరిస్తే గాయం దగ్గర వారికి పని పడుతుంది గనక.

కాస్సేపటికి అదే గ్రంథుల నుంచి కార్టిసాల్ అనే మరొక రసం వస్తుంది. ఒంటికి కావలసిన చక్కెరను రక్తంలోకి సమకూర్చడం దీని పని. కాపలావారు హద్దు మీరకుండా "చాలు, ఇక ఆపండి" అని చెప్పడం కూడా దీని పనే. ఎవరూ ఆపకపోతే క్రిమి మీద చేసే యుద్ధంలో పుట్టే వాపూ మంటా మన ఒంటికే చేటు తెస్తాయి.

ఇంతవరకూ అంతా సక్రమమే. కుక్కను చూసి జడుసుకొన్నందువల్ల, రైలు తప్పిపోతుందని పరుగెత్తినందువల్ల, పెళ్ళిలో పప్పు చాలదేమోనని కంగారు పడ్డందువల్ల ఎవరి రక్షణశక్తీ తగ్గిపోదు. చిక్కంతా కుక్క వెళ్ళిపోయినా గంట మోగుతూనే వున్నప్పుడు వస్తుంది.

పరీక్షల్లో తేలినదేమిటి?

కెనడా దేశంలో మాంట్రియల్ నగరంలో పనిచేస్తూ వుండిన హాన్స్ సెల్యే అనే శాస్త్రజ్ఞుడు 1936 లో ఎలుకల మీద చేసిన పరీక్షలను ప్రకటించాడు. వాటిని చలిలో వుంచినా, అలిసిపోయేటంతగా పరుగెత్తించినా, గాయపరిచినా, విషపు మందు ఎక్కించినా ఒంటిలోపల ఒకే విధమైన మార్పులు కనిపించాయి. ఎడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి. తెల్లకణాలకు పుట్టిళ్ళూ ఠాణాలూ ఐన థైమస్ గ్రంథి, లింఫు కణుపులు చిక్కిపోయాయి. జీర్ణకోశంలో పుండ్లు పడ్డాయి. బాధ ఏదైనా ఒళ్ళు పడే పాటు ఒకటేనని అతడు గ్రహించాడు. ఇప్పుడు అందరి నోటా వినిపించే 'స్ట్రెస్' అనే మాటను వైద్యంలో వాడుకకు తెచ్చినవాడు ఇతడే.

1948 లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు, కీళ్ళవాతంతో కదలలేని ఒక స్త్రీకి కార్టిసాల్ జాతికే చెందిన కార్టిసోన్ అనే మందు ఇచ్చాడు. కొద్ది రోజుల్లో ఆమె లేచి నడిచింది. 1950 లో హెంచ్‌కూ, కెండల్, రైక్‌స్టైన్ అనే మరి ఇద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది. అయితే వాపును అణచే మందు కాపలాను కూడా అణుస్తుందని ఆ తరువాత అనుభవంలో తెలిసింది. 2021 లో మన దేశంలో కరోనా రోగులకు ప్రాణం నిలిపిన స్టెరాయిడ్లు ఆ జాతి మందులే. చక్కెర వ్యాధి అదుపులో లేనివారికి వాటిని మితిమీరి వాడిన చోట బూజు తెగులు, అంటే బ్లాక్ ఫంగస్, ముఖానికీ కంటికీ సోకింది. మందుగా ఇచ్చే మోతాదుకూ ఒళ్ళు తానుగా తయారుచేసుకొనే దానికీ ఎంతో వ్యత్యాసం వుంది. కాని రెండూ పనిచేసే దారి ఒకటే.

మరి మామూలు మనుష్యుల మామూలు దిగులు మాటేమిటి? ఇంగ్లండులో సాలిస్‌బరీ దగ్గర, ఒక్క జలుబును గురించి మాత్రమే పరిశోధించడానికి 1946 లో స్థాపించిన సంస్థ ఒకటి వుండేది. ఆరోగ్యవంతులు తామై వచ్చి అక్కడ కొన్ని రోజులు వుండేవారు. షెల్డన్ కోహెన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడూ, అక్కడి వైద్యులూ కలిసి 394 మందిని గత యేడాదిలో పడ్డ కష్టాలను గురించి, మనసులోని భారాన్ని గురించి ముందుగా ప్రశ్నలడిగి, తరువాత వారి ముక్కుల్లో జలుబు తెచ్చే వైరస్ వున్న చుక్కలు వేశారు. ఫలితాలు 1991 లో ప్రకటించారు. మనోభారం బొత్తిగా తక్కువగా వున్నవారిలో నూటికి సుమారు 27 మందికి జలుబు చేసింది. బాగా ఎక్కువగా వున్నవారిలో నూటికి 47 మందికి చేసింది. వయస్సు, పొగతాగే అలవాటు, తిండి, నిద్ర మొదలైనవన్నీ లెక్కలోకి తీసుకొన్నా యీ తేడా నిలిచింది.

యీ లెక్కను రెండు వైపుల నుంచీ చదవాలి. భారం వున్నవారికి జలుబు హెచ్చుగా చేసిన మాట నిజం. అంత భారం వుండీ, ముక్కులో వైరస్ వేసినా, నూటికి 53 మందికి జలుబు చేయలేదన్న మాట కూడా అంతే నిజం. దిగులుపడ్డ ప్రతివాడూ జబ్బు పడతాడని ఎవరైనా చెబితే నమ్మకండి.

దించుకోని బరువు

2004 లో సెగర్‌స్ట్రోమ్, మిల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, అంతకు ముందు 30 ఏళ్ళలో జరిగిన దాదాపు 300 పరిశోధనలను ఒకచోట చేర్చి చూశారు. నిమిషాలపాటు వుండే కంగారులో మొదటి వరుస కాపలా చురుకవుతుంది. పరీక్షల వంటి కొద్ది రోజుల తొందరలో కాపలాలో ఒక భాగం తగ్గి, ఇంకొక భాగం నిలుస్తుంది. నెలలూ ఏళ్ళూ సాగే కష్టంలో మాత్రం రెండు వరుసలూ సన్నగిల్లుతాయి. ఇదీ వారు తేల్చినది.

ఎందుకిలా జరుగుతుంది? ఒక కారణం ఇది. "ఆపండి" అనే కేక రాత్రింబగళ్ళు వినిపిస్తూ వుంటే కాపలావారు దాన్ని పెడచెవిని పెట్టడం నేర్చుకొంటారు. అప్పుడు వాపు అదుపు తప్పుతుంది. జలుబులో మనల్ని బాధపెట్టే ముక్కుదిబ్బడా గొంతునొప్పీ చాలావరకు యీ వాపు పనే. కోహెన్ బృందమే 2012 లో దీన్ని పరీక్షించి చూపింది.

ఇంతకంటే మన ఇళ్ళకు దగ్గరగా వుండే పరిశోధన ఒకటి వుంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జానిస్ కీకోల్ట్-గ్లేసర్, రోనాల్డ్ గ్లేసర్ అనే దంపతులు, మతిమరపు వ్యాధి వచ్చిన తమవారికి సేవ చేస్తున్న 13 మంది స్త్రీలనూ, అదే వయస్సూ అదేపాటి రాబడీ కలిగి అటువంటి సేవాభారం లేని మరి 13 మందినీ తీసుకొన్నారు. అందరి చేతి మీదా మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, అది మానడానికి ఎన్నాళ్ళు పడుతుందో చూశారు. భారం లేనివారికి సగటున 39 రోజులు పట్టింది. సేవ చేసేవారికి 48 రోజులు దాటింది. ఇది 1995 నాటి సంగతి. మరుసటి యేడు, మతిమరపు వచ్చిన భర్తకో భార్యకో సేవ చేస్తున్న 32 మందికి ఫ్లూ టీకా వేసి చూస్తే, మిగిలినవారిలో వచ్చినంతగా వారిలో ప్రతిరక్షకాలు రాలేదు.

యీ స్త్రీలు మనకు తెలియనివారా? పక్షవాతం వచ్చిన మామగారు, పేరు మరచి పిలిచే అత్తగారు, మంచం దిగలేని తల్లి మన ఇళ్ళల్లో లేరా? సేవ చేసేది మాత్రం తరచు ఒక్క మనిషే. కోడలు, లేదా పెళ్ళాం, లేదా దగ్గరున్న కూతురు. మనవి తరాలనాడు ఊరు విడిచి వచ్చిన కుటుంబాలు. అన్నదమ్ములొకరు బరంపురంలో వుంటే ఒకరు బెంగుళూరులో, ఇంకొకరు పూనాలో వుంటారు. ఆదివారంనాడు ఫోను చేసి "నీ ఒళ్ళు జాగ్రత్త వదినా, బెంగ పెట్టుకోకు" అంటారు. మాటలో ప్రేమ లేకపోలేదు. కాని ఆ రాత్రి కూడా మూడుసార్లు లేచేది వదినే.

ఆమె దిగులుకు కారణం మనసు బలహీనత కాదు, నిద్ర లేకపోవడం. 2015 లో అమెరికాలో 164 మంది చేతికి పరికరం కట్టి వారం రోజుల నిద్రను కొలిచి, తరువాత జలుబు చుక్కలు వేశారు. ఏడు గంటలు మించి నిద్రపోయినవారితో పోలిస్తే, ఆరు గంటలు కూడా నిద్ర లేనివారికి జలుబు చేసే అవకాశం నాలుగింతలు దాటింది. కనక యీ వదినగారికి మనం చేయగల మొదటి వైద్యం కషాయం కాదు, ఇమ్యూనిటీ పొడి కాదు. వారానికి రెండు రాత్రులు ఇంకొకరు ఆ గదిలో పడుకోవడం. దూరాన వున్నవారైతే ఆ రెండు రాత్రులకు ఆయా జీతం పంపడం, లేదా యేడాదికి రెండుసార్లు వచ్చి పదిరోజులు ఆ మంచం దగ్గర తామే వుండడం.

నింద వేయకండి

ఇక్కడే ఒక హెచ్చరిక. దిగులుకూ ఒంటికీ సంబంధం వుందని తెలియగానే కొందరు దాన్ని కర్రలాగా వాడతారు. కాన్సరు వచ్చినవారి ముందు నిలబడి "నువ్వు అంత దిగులు పడబట్టే ఇది వచ్చింది" అంటారు. ఇది క్రూరమైన మాట. అంతకు మించి, దీనికి ఆధారమూ లేదు. ఐరోపాలో లక్షా పదహారువేల మందిని పరిశీలించి 2013 లో ప్రకటించిన లెక్కల్లో, ఉద్యోగంలోని ఒత్తిడికీ కాన్సరు రావడానికీ సంబంధం కనిపించలేదు. జలుబు, గాయం మానడం, టీకా ఫలించడం వంటి విషయాల్లో రుజువైనదాన్ని ప్రతి రోగానికీ అంటగట్టడం శాస్త్రం కాదు. జబ్బుపడ్డ మనిషికి జబ్బు బరువే చాలు, తప్పు బరువు కూడా పెట్టవద్దు.

జబ్బు వస్తుందేమో అనే జబ్బు

కొందరికి ఇంట్లో రోగి ఎవరూ వుండరు. తమకే రోగం వుందేమోనని భయం. తలనొప్పి వస్తే మెదడులో గడ్డ, ఛాతీలో పట్టేస్తే గుండెపోటు అనుకొంటారు. రోజుకు పదిసార్లు రక్తపోటు చూసుకొంటారు. సెల్‌ఫోనులో వెదికితే ప్రతి నొప్పికీ ఒక ప్రాణాంతకమైన పేరు దొరుకుతుంది. డాక్టరుగారు ఏమీ లేదంటే రెండు రోజులు నెమ్మది. మూడో రోజు ఇంకొక డాక్టరు.

వీరిని ఎగతాళి చేయడం తగదు. వీరు చెప్పే దడ నిజమైన దడ, కడుపులో తిప్పడం నిజంగా తిప్పడమే. ఎదురుగా కుక్క వున్నా, వుందని నమ్మినా, మెదడు మోగించే గంట ఒక్కటే. భయం వల్ల గుండె కొట్టుకొంటుంది. గుండె కొట్టుకోవడం చూసి భయం పెరుగుతుంది. ఆ భయానికి గుండె ఇంకా కొట్టుకొంటుంది. గానుగెద్దు తిరిగినట్లు తిరగడమే తప్ప బయటికి దారి వుండదు.

ఇంత జాగ్రత్త పడేవారు ఎక్కువ ఆరోగ్యంగా వుంటారని అనుకోవచ్చు. నార్వే దేశంలో 7,052 మందిని 12 ఏళ్ళపాటు గమనించి 2016 లో ప్రకటించిన ఫలితం అలా లేదు. ఆరోగ్యాన్ని గురించి మితిమీరిన భయం వున్నవారిలో నూటికి 6 మందికి గుండెజబ్బు వచ్చింది. తక్కినవారిలో నూటికి 3 మందికి వచ్చింది. మిగతా కారణాలన్నీ లెక్కగట్టిన తరువాత కూడా వీరికి ప్రమాదం సుమారు 70 పాళ్ళు ఎక్కువగానే తేలింది. ఇది చదివి గుండె పట్టుకోకండి. భయపడేవారిలో కూడా నూటికి 94 మందికి ఏమీ కాలేదు. యీ భయాన్ని చాదస్తమని తోసివేయకుండా చికిత్స చేయించాలని మాత్రమే దీని అర్థం.

చికిత్స వుంది కూడా. ఇంగ్లండు ఆసుపత్రుల్లో ఇలాంటి భయంతో వచ్చిన 444 మంది రోగులను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మామూలు వైద్యంతోపాటు కొద్ది పర్యాయాలు కూర్చోబెట్టి, భయపు ఆలోచనను పరిశీలించుకోవడం, మాటిమాటికీ ఒళ్ళు తడిమి చూసుకొనే అలవాటు తగ్గించుకోవడం నేర్పారు. 2014 లో ప్రకటించిన ఫలితాల ప్రకారం వీరి భయం తగ్గింది, రెండేళ్ళ తరువాత కూడా ఆ మేలు నిలిచింది. చెప్పినవారిలో పెద్ద మానసిక వైద్యులే కాదు, తర్ఫీదు పొందిన నర్సులు కూడా వున్నారు.

ఏం చేయాలి?

ఒకటి. ఒక డాక్టరును నమ్ముకోండి. పరీక్షలు ఆయన చెప్పినన్ని చేయించండి, మనం కోరినన్ని కాదు. ఐతే రెండు వారాలు దాటిన దగ్గు, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎక్కడినుంచైనా రక్తం పడడం, శ్రమ చేస్తే ఛాతీలో నొప్పి, మాట తడబడడం వంటివి వుంటే "ఇది నా భయమే" అని ఊరుకోకుండా వెళ్ళి చూపించండి.

రెండు. డాక్టరుగారు చెప్పకపోతే రక్తపోటు యంత్రాన్ని బీరువాలో పెట్టండి. రాత్రి భోజనమైన తరువాత జబ్బుల పేర్లు సెల్‌ఫోనులో వెదకవద్దు. ఆ వేళ దొరికే జవాబు నిద్రను తప్ప మరి దేన్నీ మార్చదు.

మూడు. నిద్రకు వేళ పెట్టుకోండి. పొద్దునో సాయంత్రమో అరగంట నడవండి. వయస్సు మళ్ళినవారు డాక్టరుగారిని అడిగి టీకాలు వేయించుకోండి. దిగులున్నవారికి టీకా కొంత తక్కువగా పనిచేసినా, చేసే మేలు చిన్నది కాదు.

నాలుగు. దిగులును సొంత భాషలో చెప్పుకోండి. మనలో చాలామంది బజారులో కన్నడమో అరవమో ఒడియానో మరాఠీనో ధారాళంగా మాట్లాడతారు. కాని 'బెంగ' అనే మాటను ఏ భాషలోకి తిప్పినా సగం జారిపోతుంది. ఆసుపత్రిలో గుండెదడ అని చెప్పి ఊరుకొంటారు, మనసులోని మాట లోపలే వుండిపోతుంది. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అనే ఏర్పాటు వుంది. 14416 నంబరుకు రాత్రైనా పగలైనా రుసుము లేకుండా ఫోను చేయవచ్చు. అక్కడ ఎంచుకోదగిన భాషల్లో తెలుగూ వుంది.

చివరి మాట ఇంటి పెద్దలకు. మీ ఇంట్లో రాత్రిళ్ళు లేచేది ఎవరు? ఎన్ని నెలలుగా లేస్తున్నారు? యీ రెండు ప్రశ్నలకు యీ పూటే జవాబు తెలుసుకోండి. ఆ తరువాత "ఇవాళ నేను పడుకొంటానులే అక్కడ, నువ్వు తలుపు వేసుకొని నిద్రపో" అని చెప్పండి. చెప్పిన ప్రకారం పడుకోండి.